ఆటుపోటుల ఆటగాళ్ళు: బేస్‌బాల్‌లో ‘జోరు’ను గూర్చి ఒక పరిశీలన

క్రీడలను చూచి ఆనందించేవారిలో రెండు తెగలవారు కలరు. ఎల్లప్పుడూ నిలకడగా ఆడే ఆటగాణ్ణి మెచ్చుకొనేవారు మొదటి తెగ. వీరు వివేకవంతులు. నెలంతా నిద్రపోయినట్లుండి, హఠాత్తుగా పదిరోజులపాటు చెలరేగిపోయే ఆటగాని కొరకు కాచుకొని కూర్చునేవారు రెండవ తెగ. ఈ వ్యాసకర్త రెండవ తెగకు చెందినవాడని ముందుగానే ఒప్పుకొనుట మంచిది.

2021 జూన్ మాసంలో మన తరగతి గదులు మూతబడి ఉండగా, చికాగోలో స్థిరపడిన మా మేనమామగారు ఫోను చేసి, “వాషింగ్టన్ జట్టులో ఒకడు పిచ్చెత్తినట్లు కొడుతున్నాడు, లేచి చూడు” అన్నారు. అక్కడ రాత్రి ఏడుగంటలకు మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు వస్తుంది. ఆ ఆటగాని పేరు కైల్ ష్వార్బర్. జూన్ 11 నాటికి అతని ఖాతాలో ఉన్న హోమ్‌రన్‌లు 9 మాత్రమే. జూన్ 12 మొదలు 29 వరకు జరిగిన 18 ఆటలలో అతడు మరి 16 హోమ్‌రన్‌లు కొట్టాడు. ఆ రోజులలో ఫజర్ నమాజు ముగియగానే స్కోరు చూచుకొనుట నాకు నిత్యకృత్యమైపోయినది. నాకు ఆ జట్టుతో చుట్టరికం లేదు. ఆ నగరాన్ని నేను చూడలేదు. అయినప్పటికీ అతడు బ్యాటు భుజాన పెట్టుకొని నిలబడగానే గుండె కొట్టుకొనే తీరు మారిపోయేది. ఈ పులకింతకు కారణమేమి? అది నిజమైన దేనినో చూచి కలిగినదా, లేక కంటికి కలిగిన భ్రమయా? ఈ ప్రశ్నపై పండితులు నలభై సంవత్సరాలుగా వాదించుకొనుచున్నారని తరువాత తెలిసినది. ఆ వాదమునే ఇక్కడ విద్యార్థులకు పరిచయం చేయదలచాను.

మొదట ఆటను గూర్చి రెండు మాటలు. మనవారికి క్రికెట్టు తెలిసినంతగా బేస్‌బాల్ తెలియదు. క్రికెట్టులో బ్యాటరు అవుట్ కానంతవరకు గంటల తరబడి నిలబడగలడు. బేస్‌బాల్‌లో అతనికి ఒక ఆటలో సాధారణంగా నాలుగైదు వంతులు మాత్రమే వస్తాయి. ప్రతి వంతులోనూ మూడు స్ట్రైకులు పూర్తి అయినచో అవుట్. పిచ్చరు నిలుచునే చోటికి, బ్యాటరు ఎదుటి పలకకు నడుమ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. బంతి నేలను తాకకుండ నేరుగా, గంటకు 90 మైళ్ళకు మించిన వేగంతో వస్తుంది. చూచుటకు, నిర్ణయించుకొనుటకు, బ్యాటు తిప్పుటకు కలిపి ఉన్న కాలం సెకనులో పదింట నాలుగు పాళ్ళు. పైగా బ్యాటు మన క్రికెట్టు బ్యాటువలె బల్లపరుపుగా ఉండదు. అది రోకలివలె గుండ్రనిది. గుండ్రని బంతిని గుండ్రని కర్రతో కొట్టవలసి ఉన్నందున, వెంట్రుకవాసి తేడాలో హోమ్‌రన్ కావలసినది ఆకాశంలోకి లేచి క్యాచ్ అవుతుంది.

ఈ కారణంచేత బేస్‌బాల్‌లో ఓటమియే సహజస్థితి. పది వంతులలో మూడుసార్లు బంతిని మైదానంలోకి పంపి, అవుట్ కాకుండ బేస్ చేరుకొనగలిగినవాడు గొప్ప బ్యాటరు. ఇట్లు చేరుకొనుటను ‘హిట్’ అంటారు. బంతిని ప్రాకారం దాటించుటయే హోమ్‌రన్. అనగా గొప్పవాడు సైతం పదిసార్లలో ఏడుసార్లు తల వంచుకొని తిరిగివస్తాడు. ఇట్టి ఆటలో ఒకడు వరుసగా కొట్టసాగినచో చూపరులు నివ్వెరపోవుటలో వింత లేదు.

ఆ స్థితిని ఇంగ్లీషువారు ‘చేయి వేడెక్కుట’ అంటారు. తెలుగులో ‘హస్తవాసి’ అనే చక్కని మాట ఉన్నది గాని, అది ఇక్కడ సరిపోదు. హస్తవాసి గల వైద్యునికి అది జీవితాంతం ఉంటుంది. వేడెక్కిన చేయి చల్లారిపోతుంది. అందుచేత ‘జోరు’ అనే మాటనే వాడుచున్నాను. ఈ మాట మన ఉర్దూ శాఖ మిత్రుల ‘జోర్’ నుండి తెలుగులోనికి వచ్చి ఎన్నడో స్థిరపడిపోయినది. ఇక అప్పుడప్పుడు జోరందుకొని, తక్కిన కాలమంతా కరువులో గడిపే బ్యాటరును ‘ఆటుపోటుల ఆటగాడు’ అనవచ్చును. అలంకారశాస్త్రం చదివినవారికి మరొక విధంగా చెప్పవచ్చు. సీజన్ పొడుగునా నిలిచే సగటు స్థాయీభావం వంటిది, జోరు సంచారీభావం వంటిది. రసపోషణకు రెండూ అవసరమే అయినా, మనలను కుర్చీ అంచున కూర్చుండబెట్టేది రెండవదే.

ఆటుపోటుల ఆటగాళ్ళలో నాకు మిక్కిలి ఇష్టమైనవాడు డేల్ లాంగ్. ఇతడు పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టువాడు. మహామహుల జాబితాలో ఇతని పేరు కనబడదు. వృత్తి జీవితం మొత్తంలో కొట్టిన హోమ్‌రన్‌లు 132 మాత్రమే. కాని 1956 మే 19 మొదలు 28 వరకు ఇతడు వరుసగా ఎనిమిది ఆటలలో, ఆటకు ఒకటి చొప్పున, హోమ్‌రన్‌లు కొట్టాడు. అంతకు పూర్వం ఆరు ఆటలకు మించి ఎవరూ పోలేదు. ఎనిమిదవది పిట్స్‌బర్గ్‌లోని సొంత మైదానంలోనే పడినది. జనం ఆటను సాగనివ్వక, అతడు బయటికి వచ్చి టోపీ ఎత్తేవరకు కేకలు వేస్తూనే ఉన్నారు. మరుసటి ఆటలో బ్రూక్లిన్ పిచ్చరు డాన్ న్యూకోంబ్ అతణ్ణి ఆపివేశాడు. తరువాత 1987లో డాన్ మాటింగ్లీ, 1993లో కెన్ గ్రిఫీ జూనియర్ ఆ ఎనిమిదిని అందుకొన్నారు. దాటినవారు లేరు. మాటింగ్లీ, గ్రిఫీ పేరుమోసినవారు. వారి నడుమ డేల్ లాంగ్ పేరు కూడ చెక్కుచెదరక నిలిచి ఉన్నది. పదిరోజుల వెలుగులో మనిషి పేరు ఇంతకాలం నిలుచుట నాకు ఎంతో ముచ్చట గొలుపుతుంది.

ఫ్రాంక్ హోవర్డ్ కథ ఇంతకంటె తీవ్రమైనది. ఆరడుగుల ఏడంగుళాల భారీ మనిషి. 1968లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టుకు ఆడాడు. ఆ సంవత్సరం పిచ్చర్ల రాజ్యం నడిచినది. అమెరికన్ లీగ్ మొత్తానికి బ్యాటింగు సగటు 0.230కి పడిపోయినది. లీగ్‌లో ప్రథముడైన యస్ట్రెమ్‌స్కీ సగటు కూడ 0.301 మాత్రమే. పరిస్థితి ఎంత దిగజారినదనగా, పిచ్చరు నిలుచునే దిబ్బను మరుసటి సంవత్సరం 15 అంగుళాల నుండి 10 అంగుళాలకు తగ్గించవలసివచ్చినది. అట్టి కరువు కాలంలో, మే 12 నుండి 18 వరకు ఆరు ఆటలలో, 20 వంతులలో హోవర్డ్ 10 హోమ్‌రన్‌లు కొట్టాడు. చుట్టూ ఎండిన బావులే ఉన్న ఊరిలో ఒక్క బావి పొంగిపొరలినట్లయినది.

అన్నిటికంటె ప్రసిద్ధమైన జోరు 1941 నాటిది. న్యూయార్క్ యాంకీస్ జట్టులోని జో డిమాజియో మే 15 నుండి జులై 16 వరకు 56 ఆటలలో, ప్రతి ఆటలోనూ కనీసం ఒక హిట్ సాధించాడు. నిజానికి డిమాజియో ఆటుపోటుల మనిషి కాడు, నిలకడకు మారుపేరు. అయినను జోరును గూర్చిన ఏ చర్చ అయినా అతనితోనే మొదలవుతుంది. అంతకుముందు ఆధునిక యుగపు రికార్డు 1922లో జార్జి సిస్లర్ సాధించిన 41. జూన్ 29న వాషింగ్టన్‌లో రెండు ఆటలు వెంటవెంటనే జరిగాయి. మొదటి ఆటలో డిమాజియో 41ని అందుకొన్నాడు. రెండవ ఆట మొదలయ్యేలోగా అతని ప్రియమైన బ్యాటును ఎవరో దొంగిలించారు! తోటి ఆటగాడైన హెన్రిక్ వద్ద బ్యాటు అరువు తీసుకొని 42ను పూర్తి చేశాడు. బ్యాటులో మహిమ ఉన్నదని నమ్మేవారికి ఇది సమాధానం.

జులై 17 రాత్రి క్లీవ్‌లండ్‌లో 67 వేలమందికి పైగా ప్రేక్షకులు చూచుచుండగా ఆ వరుస తెగిపోయినది. తెంచినవాడు పిచ్చరు అనుటకంటె మూడవ బేస్ వద్ద కాపు కాసిన కెన్ కెల్ట్‌నర్ అనుట న్యాయం. డిమాజియో బలంగా కొట్టిన రెండు బంతులను అతడు రెండుసార్లూ అసాధ్యమైన రీతిలో ఆపి, విసరి, అవుట్ చేశాడు. ఇక్కడ ఒక విషయం గమనించదగినది. ఆ రాత్రి డిమాజియో చేయి చల్లారలేదు. బంతి బలంగానే వెళ్ళినది. మరునాటి నుండి అతడు మరల వరుసగా 16 ఆటలలో హిట్లు కొట్టాడు. అనగా 73 ఆటలలో 72. కెల్ట్‌నర్ ఒక అడుగు ఇవతల నిలిచి ఉన్నచో లెక్క వేరుగా ఉండేది. జోరు అని మనం పిలిచే దానిలో చేతి మహిమ ఎంత, అదృష్టం ఎంత అనే ప్రశ్న ఇక్కడనే పుడుతుంది.

దీనిని లెక్క వేసి చూడవచ్చు. ఒక బ్యాటరు ప్రతి వంతులోనూ హిట్ కొట్టే అవకాశం 0.350 అనుకొందాం. ఆటకు నాలుగు వంతులు. నాలుగింటిలోనూ విఫలమయ్యే అవకాశం 0.65ను నాలుగుసార్లు హెచ్చించగా వచ్చే 0.18. కాబట్టి ఒక ఆటలో కనీసం ఒక హిట్ కొట్టే అవకాశం 0.82. ఇట్లు 56 ఆటలు వరుసగా జరిగే అవకాశం సుమారు 60 వేలలో ఒకటి. అదే 0.300 బ్యాటరుకైతే 47 లక్షలకు పైగా ఉన్న ప్రయత్నాలలో ఒకటి. అంకెలు చూస్తే అద్భుతమే. కాని బేస్‌బాల్ చరిత్రలో ఎందరు బ్యాటర్లు, ఎన్ని సంవత్సరాలు, ఎన్ని వేల ఆటలు! 2008లో అర్బెస్మన్, స్ట్రోగాట్జ్ అనే ఇరువురు పరిశోధకులు కంప్యూటరులో బేస్‌బాల్ చరిత్రను 10 వేల మారులు తిరిగి నడిపించి చూచారు. ప్రతి బ్యాటరుకు అతని నిజమైన సగటునే ఇచ్చి, జోరు అనే దానిని లేకుండ చేసి, కేవలం యాదృచ్ఛికంగా ఆడించారు. నూటికి 42 వంతు చరిత్రలలో 56 గాని అంతకు మించి గాని వరుస ఏర్పడినది. ఒకానొక చరిత్రలో అది 109 వరకు పోయినది. అయితే ఆ వరుసను సాధించినవాడు ప్రతిసారీ డిమాజియో కాడు. ఎవరో ఒకరికి లాటరీ తగులుట వింత కాదు, ఫలానావానికే తగులుట వింత.

మన కన్ను యాదృచ్ఛికతను గుర్తించుటలో చాల బలహీనమైనది. నా తరగతిలో ఒకసారి సగంమందిని నాణెం నూరుసార్లు ఎగురవేసి ఫలితం వ్రాయమన్నాను, తక్కిన సగంమందిని ఎగురవేయకుండ ఊహించి వ్రాయమన్నాను. ఊహించినవారు బొమ్మ, బొరుసులను మర్యాదగా మార్చి మార్చి వ్రాశారు. ఎగురవేసినవారి కాగితాలలో ఐదేసి, ఆరేసి బొమ్మలు వరుసగా కనబడినవి. నూరుసార్లు ఎగురవేసినప్పుడు ఒకే వైపు ఐదుసార్లు వరుసగా పడుట దాదాపు ఖాయం. నాణెమునకు జోరు లేదు. మనకే వరుస కనబడగానే కథ అల్లే అలవాటు ఉన్నది.

1985లో గిలోవిచ్, వలోన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ వాదాన్నే బలంగా ముందుకు తెచ్చారు. వారు పరిశీలించినది బాస్కెట్‌బాల్. బంతి వరుసగా బుట్టలో పడిన తరువాత మరల పడే అవకాశం పెరుగుటలేదని, చేయి వేడెక్కుట అనేది చూపరుల భ్రమ అని తేల్చారు. ఆటగాళ్ళు, శిక్షకులు నవ్వి ఊరుకున్నారు. విద్వల్లోకం మాత్రం మూడు దశాబ్దాలపాటు దానిని సిద్ధాంతంగా స్వీకరించినది. చదువుకున్నవారు ‘జోరు’ అన్న మాట ఎత్తుటకే సిగ్గుపడవలసి వచ్చినది.

తరువాత కథ మలుపు తిరిగినది. మిల్లర్, సాన్‌హుర్హో అనే ఇరువురు అర్థశాస్త్రజ్ఞులు ఆ పండితుల లెక్కలోనే ఒక సూక్ష్మమైన దోషాన్ని కనుగొన్నారు. వారి పత్రం 2018లో ప్రచురితమైనది. ఆ దోషాన్ని కాగితం, పెన్సిలు ఉన్న ఏ విద్యార్థి అయినా తెలుసుకొనవచ్చును. నాణెం మూడుసార్లు ఎగురవేయండి. బొమ్మ పడిన వెంటనే మరల బొమ్మ పడినది ఎన్ని పాళ్ళు అని ప్రతి వరుసకు విడివిడిగా లెక్కించండి. సాధ్యమైన వరుసలు ఎనిమిది. మొదటి రెండుసార్లూ బొరుసే పడిన రెండు వరుసలలో లెక్కించుటకు ఏమీ ఉండదు. మిగిలినవి ఆరు. బొమ్మ-బొమ్మ-బొమ్మకు 1. బొమ్మ-బొమ్మ-బొరుసుకు సగం. బొరుసు-బొమ్మ-బొమ్మకు 1. తక్కిన మూడింటికీ సున్న. మొత్తం రెండున్నర. ఆరింటిచే భాగించగా 5/12. అనగా నూటికి 42 మాత్రమే! నిష్పాక్షికమైన నాణెమే ఈ కొలబద్దపై సగానికి తక్కువగా కనబడుచున్నది. కాబట్టి ఇట్టి చిన్న వరుసల లెక్కలో ఒక ఆటగానికి సరిగా సగం వచ్చినచో, అతనికి నిజంగా కొంత జోరు ఉన్నదనియే అర్థం. ఈ దోషాన్ని సవరించి చూడగా పాత పరిశోధనలోని అంకెలే జోరు ఉన్నదని సాక్ష్యం పలికినవి. నేను మొదటిమారు ఈ లెక్క వేసినప్పుడు నమ్మలేక మూడుసార్లు తిరిగి వేశాను.

అదే 2018లో గ్రీన్, జ్వీబెల్ అనేవారి బేస్‌బాల్ పరిశోధన కూడ వెలువడినది. వారు పన్నెండు సంవత్సరాల ఆటలలోని సుమారు 20 లక్షల వంతులను పరిశీలించి, ఇటీవలి వంతులలో బాగుగా కొట్టిన బ్యాటరు తరువాతి వంతులో కూడ తన సగటును మించి కొట్టుచున్నాడని చూపారు. బాస్కెట్‌బాల్‌లో చేయి వేడెక్కినవాని మీదికి ఎదుటి జట్టు ఇద్దరిని పంపి అడ్డుకొంటుంది. దానితో జోరు లెక్కలలో మరుగునపడుతుంది. బేస్‌బాల్‌లో పిచ్చరుకు అట్టి ఉపాయాలు తక్కువ. అతడు కావలెనని బంతిని దూరంగా విసరి బ్యాటరును ఊరకే నడిపించగలడు, అంతే. అందుచేతనే ఇక్కడ జోరు బయటపడుతుందని వారి వాదన. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. బ్యాటరు యంత్రం కాడు. మణికట్టు నొప్పి తగ్గవచ్చు, పాదం పెట్టే చోటు ఒక అంగుళం సవరించుకొనవచ్చు, కన్ను బంతి తిరుగుటను ఒక క్షణం ముందుగా పసిగట్టవచ్చు.

అయితే కంటికి కనబడినంత పెద్దది కాదు నిజమైన జోరు. ష్వార్బర్ వంటివాని విషయంలో ఇది స్పష్టం. అతడు ప్రతి బంతినీ ప్రాకారం దాటించవలెననే తలంపుతో బ్యాటు తిప్పుతాడు. 2023లో ఫిలడెల్ఫియా జట్టుకు ఆడుతూ 47 హోమ్‌రన్‌లు కొట్టాడు, 215 మారులు స్ట్రైకులతో అవుటయ్యాడు. సగటు 0.197 మాత్రమే. ఇట్టి ఆటగాని ఫలితాలు కేవలం యాదృచ్ఛికంగా ఏర్పడినా గుంపులు గుంపులుగానే కనబడతాయి. 2015లో న్యూయార్క్ మెట్స్ జట్టులోని డేనియల్ మర్ఫీ సీజన్ మొత్తానికి 14 హోమ్‌రన్‌లు కొట్టి, తరువాతి నాకౌట్ పోటీలలో వరుసగా ఆరు ఆటలలో ఆరు కొట్టాడు. ఎదుట నిలిచినవారు కెర్షా, గ్రెయింకీ, అరియెటా, లెస్టర్ వంటి మేటి పిచ్చర్లు. తీరా వరల్డ్ సిరీస్ వచ్చేసరికి 20 వంతులలో మూడే హిట్లు, ఒక్క హోమ్‌రన్ లేదు. మెట్స్ ఓడిపోయినది. వేడెక్కినవానిని చూచి ఇక అన్నీ కొట్టేస్తాడని లెక్కించుకొన్నవారికి దక్కినది ఇంతే. (మన హైదరాబాదీ అజారుద్దీన్ 1984-85లో తన మొదటి మూడు టెస్టులలోనూ శతకాలు చేసినప్పుడు, నాలుగవదానిలో కూడ తప్పదని పందెం కాసి ఓడినవారు మా వీధిలో ఉండేవారని మా తండ్రిగారు చెబుతారు.)

జోరుకు రెండవ ముఖం కరువు. కరువులో ఉన్నవానిని ఏమి చేయవలెననే ప్రశ్న ఒక మనిషి జీవనోపాధికి సంబంధించినది. గిల్ హోడ్జెస్ కథ ఇందుకు ఉదాహరణ. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో మొదటి బేస్ ఆటగాడు, సౌమ్యుడు, 1952 సీజన్‌లో 32 హోమ్‌రన్‌లు కొట్టినవాడు. ఆ ఏటి వరల్డ్ సిరీస్‌లో ఏడు ఆటలలో, 21 వంతులలో అతనికి ఒక్క హిట్ కూడ రాలేదు. బ్రూక్లిన్ ఓడిపోయినది. 1953 వసంతంలో కూడ ఆ కరువు వీడలేదు. మరొక ఊరిలోనైతే జనం ఎగతాళి చేసి ఉండేవారు. బ్రూక్లిన్ ప్రజలు అతనికి ఉత్తరాలు వ్రాశారు, తావళాలు, జపమాలలు పంపారు. ఒక ఆదివారం అక్కడి చర్చిలో మతాచార్యుడు ఎండ వేడికి ప్రసంగం మానుకొని, ఇంటికి పోయి హోడ్జెస్ కొరకు ప్రార్థించండని జనాన్ని పంపివేశాడట.

అప్పటి జట్టు నిర్వాహకుని స్థానంలో మనం ఉన్నచో ఏమి చేసేవారం? ఆ 21 వంతులు హోడ్జెస్ చేయి చచ్చిపోయినదనుటకు సాక్ష్యమా, లేక బొరుసులు వరుసగా పడుటయా? ఈ రోజు పరిశోధకులు చెప్పగలిగినదంతా అతనికి అప్పుడు చేరి ఉన్నా, నిర్ణయం సులువయ్యేది కాదు. రెండూ కొంత కొంత ఉండి ఉండవచ్చును. జట్టు అతణ్ణి వదులుకోలేదు. 1953 సీజన్ ముగిసేసరికి హోడ్జెస్ సగటు 0.302, హోమ్‌రన్‌లు 31. ఆ ఏటి వరల్డ్ సిరీస్‌లో 0.364. 1955 అక్టోబరు 4న, బ్రూక్లిన్ తన చరిత్రలో ఒకే ఒక్కసారి వరల్డ్ సిరీస్ గెలిచిన ఏడవ ఆటలో, స్కోరు 2-0. ఆ రెండు పరుగులనూ తెచ్చిపెట్టినవాడు గిల్ హోడ్జెస్.

ష్వార్బర్ సంగతి చెప్పి ముగిస్తాను. 2021 జులై 2న మొదటి బేస్ దాటి పరుగెత్తుతూ అతడు తొడ వెనుక కండరం పట్టుకొని ఆగిపోయాడు. ఆ నెలాఖరుకు జట్టు అతణ్ణి బోస్టన్‌కు పంపివేసినది. గాయం కాకపోయినచో ఆ జోరు ఎన్నాళ్ళు నడిచేదని మా మేనమామగారు, నేను ఇప్పటికీ ఫోనులో వాదించుకొంటాము. ఆయన మరొక వారం అంటారు. అది అప్పటికే అయిపోయినదని నేనంటాను.